ఇంట గెలిచి రచ్చ గెలవాల్సిన విద్యుత్ బండి

1991వ సంవత్సరం మన దేశ ఆర్థిక చరిత్రలో మరచిపోలేనిది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధర భగ్గుమంది. గల్ఫ్ దేశాల్లో పనిచేసే మనవాళ్లు ఎందరో మూటాముల్లె సర్దుకుని తిరిగి వచ్చారు. వాళ్లు పంపే డబ్బు తగ్గింది, మనం కట్టాల్సిన చమురు బిల్లు పెరిగింది. అప్పటికే అప్పులతో నెట్టుకొస్తున్న ప్రభుత్వం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడే విదేశీ మారకద్రవ్యం మాత్రమే మిగిలింది. మే నెలలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నుల బంగారం విదేశానికి వెళ్లింది. జూలైలో రిజర్వు బ్యాంకు మరో 46.91 టన్నులు తాకట్టు పెట్టి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల నుంచి అప్పు తెచ్చింది. ఇంటి ఇల్లాలి మెడలోని నగ కుదువ పెట్టడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పనక్కరలేదు. అప్పుడు బి.కాం. చదువుతున్న నాకు ‘చెల్లింపుల శేషం’ అనే పాఠం పుస్తకంలో కంటే ఆ వార్తలోనే బాగా అర్థమైంది.

ఆ బంగారాన్ని తరువాత విడిపించుకున్నాం. దేశం నిలదొక్కుకుంది. కానీ చమురు కోసం చేయి చాచే అలవాటు మాత్రం పోలేదు, పైగా పెరిగింది. 2023–24లో మనం వాడిన ముడి చమురులో 87 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకున్నదే. దానికోసం సుమారు 13,000 కోట్ల డాలర్లు చెల్లించాం. ఎక్కడో ఒక జలసంధిలో నౌక ఆగితే హోసూరు కూరగాయల మార్కెట్లో టమాటా ధర మారుతుంది.

ఈ భారం తగ్గాలంటే విద్యుత్ వాహనాలే దారి అని ఇప్పుడు అందరూ అంటున్నారు. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్లుగా అప్పులు ఇచ్చి వసూలు చేసుకునే పనిలో ఉన్నవాణ్ణి. అందుచేత ఈ విషయాన్ని బండి తయారుచేసేవాడి కళ్లతో కాక, బండికి డబ్బిచ్చేవాడి కళ్లతో చూసి నాలుగు మాటలు మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఇజ్రాయెల్ చేసిన సాహసం

విద్యుత్ కార్లతో ఒక దేశం మొత్తాన్ని చమురు బానిసత్వం నుంచి విడిపించాలన్న ప్రయత్నం ఇప్పటికే ఒకచోట జరిగింది. ఆ దేశం ఇజ్రాయెల్. చుట్టూ చమురు దేశాలు, తనకు మాత్రం చెప్పుకోదగ్గ చమురు లేదు. ఇరుగుపొరుగుతో సఖ్యతా తక్కువే.

షాయ్ అగస్సీ అనే ఇజ్రాయెలీ యువకుడు జర్మనీకి చెందిన శాప్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నత పదవిలో ఉండేవాడు. ఆ పదవి వదులుకుని 2007లో ‘బెటర్ ప్లేస్’ అనే సంస్థను స్థాపించాడు. సీనియర్ నాయకుడు షిమోన్ పెరెస్ ఆయనకు అండగా నిలిచారు. 2008 జనవరిలో రెనో-నిస్సాన్ కంపెనీ కార్లు చేసి ఇస్తామని ముందుకు వచ్చింది. పెట్రోలు కార్ల మీద 70 శాతానికి పైగా ఉన్న కొనుగోలు పన్నును విద్యుత్ కార్లకు ప్రభుత్వం 10 శాతానికి తగ్గించింది.

అగస్సీ ఆలోచన వినడానికి చాలా అందంగా ఉంటుంది. ఆ రోజుల్లో విద్యుత్ కారులో అన్నింటికన్నా ఖరీదైనది బ్యాటరీ. కాబట్టి కారు కొనేవాడు బ్యాటరీ కొనక్కరలేదు. బ్యాటరీ కంపెనీదే. సెల్‌ఫోన్ కనెక్షను లాగా నెలనెలా ఇన్ని కిలోమీటర్లకు ఇంత అని కడితే చాలు. కంపెనీయే ఇంటి దగ్గర ఛార్జింగ్ స్తంభం పెడుతుంది. దూరప్రయాణం చేయాలంటే దారిలో స్టేషను ఉంటుంది. కారు లోపలికి పోతే కింద నుంచి ఒక యంత్రం ఖాళీ బ్యాటరీని లాగేసి, నిండు బ్యాటరీని బిగిస్తుంది. ఐదు నిమిషాల పని. మన పాతకాలపు ప్రయాణాల్లో మజిలీ దగ్గర అలసిన గుర్రాన్ని విప్పి, తాజా గుర్రాన్ని కట్టేవారు కదా, అదే పద్ధతి!

ఇజ్రాయెల్ పొడవు సుమారు 450 కిలోమీటర్లు. సరిహద్దు దాటి కారులో షికారుకు వెళ్లే అవకాశం దాదాపు లేదు. ఇంతకన్నా అనువైన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? మదుపుదారులు క్యూ కట్టారు. మొత్తం మీద సుమారు 85 కోట్ల డాలర్లు సమకూరాయి. స్టేషన్లు లేచాయి. డెన్మార్క్‌లోనూ పని మొదలైంది. ఆస్ట్రేలియా, హవాయిల దాకా ప్రణాళికలు పాకాయి.

2012 అక్టోబరులో అగస్సీ పదవి పోయింది. 2013 మే 26న కంపెనీ దివాలా తీసింది. అప్పటికి ఇజ్రాయెల్, డెన్మార్క్ రెండింటిలోనూ కలిపి రోడ్డెక్కిన కార్లు 1,500కు మించలేదు. తెచ్చిన డబ్బును ఆ సంఖ్యతో భాగిస్తే కారుకు ఐదు లక్షల డాలర్లు దాటుతుంది. స్టేషన్ల సామగ్రి తరువాత కారుచౌకగా పోయింది.

పద్దుల పుస్తకం ఏం చెబుతుంది?

ఈ కథ చదివి చాలామంది ‘ఆలోచన మంచిదే, కాలం కలిసిరాలేదు’ అంటారు. బ్యాంకు వాడి కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే నాకు మూడు సంగతులు కనిపించాయి.

మొదటిది, చెట్టు ముందా విత్తు ముందా అన్న సమస్య. ఛార్జింగ్ వసతి లేకపోతే జనం బండి కొనరు. బండ్లు లేకపోతే ఛార్జింగ్ వసతికి గిరాకీ ఉండదు. దీన్ని దాటడానికి బెటర్ ప్లేస్ దేశం మొత్తానికీ ఒకేసారి వసతి కట్టేసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లయింది. స్టేషను కట్టాక కార్లు వచ్చినా రాకపోయినా వడ్డీ మాత్రం రోజూ వస్తుంది.

రెండవది, కార్లు చేసే కంపెనీలు చాలా ఉన్నా, ఆ స్టేషన్లలో బ్యాటరీ మార్చుకోగలిగినది ఒకే ఒక్క కారు, రెనో ఫ్లూయెన్స్. బ్యాటరీ ఎక్కడ, ఏ ఆకారంలో ఉండాలో ఇతర కంపెనీలు ఒప్పుకోలేదు. ఒక్క రకం చెప్పులే సరిపోయే పాదరక్షల దుకాణానికి ఎవరు అప్పిస్తారు?

మూడవది, నా దృష్టిలో ముఖ్యమైనది. కారు రోజులో ఎక్కువ భాగం కదలదు. ఉద్యోగి కారు ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట తిరుగుతుంది. మిగతా ఇరవై రెండు గంటలు నిలబడే ఉంటుంది. నిలబడిన చోట ఒక ప్లగ్గు ఉంటే చాలు, రాత్రి తెల్లవారేసరికి బ్యాటరీ నిండుతుంది. బ్యాటరీ మార్చే ఆ బ్రహ్మాండమైన స్టేషను ఏడాదిలో ఏ కొద్ది రోజులో చేసే దూరప్రయాణం కోసం మాత్రమే. అంటే ఎక్కువ డబ్బు తక్కువ అవసరం మీద పెట్టారు.

ఈలోగా బ్యాటరీ ధర కూడా పడిపోయింది. బ్లూమ్‌బెర్గ్ సంస్థ లెక్కల ప్రకారం 2010లో ఒక కిలోవాట్ అవర్ బ్యాటరీకి వెయ్యి డాలర్లకు పైగా అయ్యేది. 2024 నాటికి అది 115 డాలర్లకు దిగింది. దాంతో కారునూ బ్యాటరీనీ వేరు చేయాల్సిన అవసరమే తగ్గింది. ఇజ్రాయెల్‌లోనే 2024లో అమ్ముడైన కొత్త కార్లలో సుమారు నాలుగో వంతు విద్యుత్ కార్లు. ఆ మహా యంత్రాంగం లేకుండానే ఆ మార్పు వచ్చింది.

అయితే బ్యాటరీ మార్చే ఆలోచన పూర్తిగా చచ్చిపోలేదు. తైవాన్‌లో 2015 నుంచి గోగోరో సంస్థ స్కూటర్లకు ఈ పద్ధతిని నడుపుతోంది. అక్కడ స్టేషన్లు 2,500 దాటాయి. చిన్న బ్యాటరీని మనిషే చేత్తో తీసి పెట్టుకోవచ్చు, యంత్రం అక్కరలేదు. మన దేశంలో కూడా ఆటోలకు, సరుకులు చేరవేసే బండ్లకు ఇది నడుస్తోంది. గంట ఆగితే గంట కూలి పోయేవాడికి మార్పిడి లాభం. రాత్రంతా నిలిపి ఉంచేవాడికి ప్లగ్గు లాభం. ఎవరి అవసరం వాళ్లది.

బండి రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

ఇక మన సంగతికి వద్దాం. విద్యుత్ కారు దక్షిణాదికి కొత్త కాదు. 2001లోనే బెంగళూరులో ‘రేవా’ అనే చిన్న విద్యుత్ కారు అమ్మకానికి వచ్చింది. లండన్ వీధుల్లో కూడా తిరిగింది. ఇప్పుడు మా హోసూరులో టీవీఎస్, ఏథర్ కంపెనీల విద్యుత్ స్కూటర్లు తయారవుతున్నాయి. ఇదే కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా ఫ్యాక్టరీ ఉంది. పోచంపల్లి అనగానే మీకు పట్టుచీర గుర్తుకు వస్తుందని తెలుసు. ఇది తమిళనాడు పోచంపల్లి!

2024–25లో మన దేశంలో సుమారు 20 లక్షల విద్యుత్ వాహనాలు అమ్ముడయ్యాయి. వాటిలో కార్లు లక్షకు కొంచెం పైన మాత్రమే. మిగతావి చాలావరకు స్కూటర్లు, ఆటోలు. అంటే మన దేశంలో ఈ మార్పు మోస్తున్నది గుమాస్తా, కూలీ, ఆటో డ్రైవరు.

మా బ్రాంచికి విద్యుత్ ఆటో అప్పు కోసం ఒకతను వచ్చాడు. పత్రాలన్నీ సరిగా ఉన్నాయి. చివరగా అడిగాను.

“రాత్రి బండి యాడ పెడ్తావప్పా?”

“గుడి కాడ సార్. పాత బండి అక్కడే నిలిపేది.”

“మరి ఛార్జింగు?”

అతను తల గోక్కున్నాడు. ఉండేది ఒంటి గది అద్దె ఇల్లు. ఐదు కుటుంబాలకు ఒకటే మీటరు. ఇంటి ఓనరు బండికి కరెంటు ఇవ్వనన్నాడు. షోరూములో అతనికి మైలేజీ చెప్పారు, వారంటీ చెప్పారు, సబ్సిడీ చెప్పారు. రాత్రి ఎక్కడ ప్లగ్గు పెడతావని ఒక్కరూ అడగలేదు. అది లేకపోతే అతని బండి ఆగుతుంది, బండి ఆగితే నా వాయిదా ఆగుతుంది. ఆ ఆటో మీద ఆధారపడి ఇంట్లో నలుగురున్నారు.

అతణ్ణి వెనక్కి పంపలేదు, వారం గడువు ఇచ్చాను. వీధి మొగదల చిల్లర కొట్టు అతనితో మాట్లాడుకుని వచ్చాడు. కొట్టు మూశాక ముందున్న జాగాలో బండి పెట్టుకోవచ్చు. కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి వేరే మీటరు వేయించుకున్నారు. రోజుకు నూరు కిలోమీటర్లు తిరిగితే ఎనిమిది యూనిట్లు పడుతుంది. రాత్రికి 120 రూపాయలు కొట్టు అతనికి ఇస్తాడు. పాత ఆటోకు గ్యాసు ఖర్చు రోజుకు మూడు వందలు దాటేది. అప్పు మంజూరు చేశాను. వాయిదాలు తేదీ తప్పకుండా వస్తున్నాయి. అతనికి నూట ఎనభై మిగులు, కొట్టు అతనికి కరెంటు బిల్లు పోను నలభై మిగులు. నా లెక్కలో అది ఒక ఛార్జింగ్ స్టేషను. దానికి ప్రారంభోత్సవం లేదు, రిబ్బను లేదు.

ఇంటికీ రోడ్డుకూ తేడా

రోడ్డు పక్కన పెద్ద ఛార్జర్లు వద్దని నా ఉద్దేశం కాదు. దూరం పోయే కారుకు అవి ఉండి తీరాలి. 2019 నాటి కేంద్ర మార్గదర్శకాలు నగరాల్లో మూడు కిలోమీటర్ల చదరానికి ఒకటి, రహదారిపై రెండువైపులా 25 కిలోమీటర్లకు ఒకటి ఉండాలన్నాయి. 2024 చివరికి దేశంలో ప్రజా ఛార్జింగ్ స్టేషన్లు 25,000 దాటాయి. వాటిలో 5,700కు పైగా కర్ణాటకలోనే ఉన్నాయి. ఈ సేవకు విద్యుత్ అమ్మకం లైసెన్సు అక్కరలేదని 2018లోనే ప్రభుత్వం స్పష్టం చేసింది.

కానీ ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక వేగవంతమైన ఛార్జరుకు 15 లక్షలు పెట్టుబడి అనుకోండి. వడ్డీ పది శాతం. యూనిట్‌కు ఆరు రూపాయలు మిగులుతుందనుకుందాం. వడ్డీ లక్షన్నర రావాలంటేనే రోజుకు సుమారు 70 యూనిట్లు అమ్మాలి. అసలు, జీతం, మరమ్మతు వేరే. రోజుకు రెండు కార్లు వచ్చే చోట అది ఇజ్రాయెల్ కథే అవుతుంది. అందుకే చాలా చోట్ల పెట్టిన యంత్రం పాడైతే బాగుచేసేవాడు రాడు. సంఖ్యలో స్టేషను ఉంటుంది, పనిలో ఉండదు.

వాడేవాడికీ ఇదే తేడా. ఇంట్లో యూనిట్ ఏడు రూపాయలనుకుంటే విద్యుత్ కారుకు కిలోమీటరుకు రూపాయి చిల్లర పడుతుంది. రోడ్డు మీద వేగవంతమైన ఛార్జరు దగ్గర యూనిట్ ఇరవై అయితే మూడు రూపాయలు. పెట్రోలు కారుకు ఆరేడు రూపాయలు. రోజువారీ తిరుగుడుకు ఇల్లు, ఊరు దాటితే రోడ్డు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వాళ్లు విద్యుత్ కారును చూడకపోయినా మాట మాత్రం సరిగ్గా సరిపోతుంది.

అపార్టుమెంటు పంచాయితీ

మరి ఇంట్లోనే అడ్డంకి అయితే? బెంగళూరులో మా అమ్మాయి ఉండే అపార్టుమెంటులో ఏడాదిన్నరగా ఇదే గొడవ. తన పార్కింగులో, తన మీటరు నుంచి, తన ఖర్చుతో ప్లగ్గు పెట్టుకుంటానంది. ‘మంటలంటుకుంటే?’, ‘ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే?’, ‘ఇవాళ నీకిస్తే రేపు అందరూ అడుగుతారు’ అని కమిటీ వారు. ఆ భయాలన్నీ ఉత్తవని నేను అనను. పాత భవనాల వైరింగు ఈ భారానికి వేసింది కాదు.

కానీ జవాబులు ఉన్నాయి. ఉన్న కనెక్షనుతోనే ఇంట్లోనూ ఆఫీసులోనూ బండి ఛార్జి చేసుకోవచ్చని 2022 జనవరి మార్గదర్శకాలు చెప్పాయి. కొత్త భవనాల పార్కింగులో 20 శాతం ఈ వసతితో ఉండాలని 2019 ఫిబ్రవరిలో నమూనా భవన నిబంధనలను సవరించారు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత లోడు చూపించుకుని, ఎర్తింగు సరిచేసి, విడి మీటరు పెట్టి, రాత్రి పది తరువాతే ఛార్జి చేయాలని నియమం పెట్టుకుంటే సగం భయాలు తీరుతాయి. చివరికి ఆ అపార్టుమెంటులో ఆరుగురు కలిసి ఉమ్మడి దరఖాస్తు ఇస్తే కమిటీ కదిలింది. ఒక్కరు అడిగితే గొంతెమ్మ కోరిక, ఆరుగురు అడిగితే అజెండా!

నాణేనికి రెండో వైపు

దీనితో చమురు బాధ తీరిపోతుందని చెబితే అది షోరూము మాటే అవుతుంది. మనం ఏటా వాడే సుమారు 24 కోట్ల టన్నుల పెట్రోలియం సరుకులో డీజిలే 9 కోట్ల టన్నులు దాటుతుంది. పెట్రోలు 4 కోట్ల టన్నులు. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు మారేదాకా పెద్ద పద్దు అలాగే ఉంటుంది. మన కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గుదే. బ్యాటరీలోని సెల్స్ ఎక్కువగా చైనా నుంచి వస్తున్నాయి. అయినా ఒక తేడా ఉంది. పెట్రోలు రోజూ కొనాలి. బ్యాటరీ ఒకసారి కొంటే ఏళ్లపాటు పనిచేస్తుంది. బొగ్గు చాలావరకు మన గనులది, ఎండ పూర్తిగా మనది. రోజు కూలికి తెచ్చుకునే బియ్యానికీ, ఒకసారి కొన్న పొలానికీ ఉన్న తేడా లాంటిది.

మన దేశం ఈ పని ఒకసారి చేసి చూపించింది కూడా. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు మొదటి కరెంటు రైలు నడిచింది. నూరేళ్లలో బ్రాడ్‌గేజి మార్గం దాదాపు అంతా విద్యుదీకరణ అయింది. ఒక లైను పూర్తయి బండ్లు నడిచాక ఇంకో లైను. గిరాకీ ఉన్న చోట ముందు, లేని చోట తరువాత. వసతి కట్టే క్రమం అదే.

మనం చేయగలిగింది

మన పత్రిక చదివే కుటుంబాలు షోలాపూర్‌లో ఉన్నాయి, బరంపురంలో ఉన్నాయి, బళ్ళారిలో, యానాంలో ఉన్నాయి. దేశపు చమురు విధానం మన చేతిలో లేదు. కానీ చాలా ఊళ్లలో మన సంఘాలకు సొంత భవనాలు, కల్యాణ మంటపాలు ఉన్నాయి. పెళ్లిళ్ల సీజను తప్ప మిగతా రోజుల్లో వాటి ఆవరణలు రాత్రిపూట ఖాళీ. అక్కడ విడి మీటరుతో నాలుగు ప్లగ్గులు పెట్టించి, చుట్టుపక్కల ఆటోవాళ్లకు రాత్రికి ఇంత అని ఇస్తే ఎలా ఉంటుంది? కాపలాదారు ఎలాగూ ఉంటాడు. బయటివాళ్ల బండ్లు వస్తే భద్రత ఏమిటి, లెక్క ఎవరు రాయాలి అన్న ప్రశ్నలు వస్తాయి. రానివ్వండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో మా హోసూరు శాఖలో నేను ఈ తీర్మానం పెడుతున్నాను. ఖర్చు వివరాలు, కరెంటు ఆఫీసు నియమాలు, సభ్యుల అభ్యంతరాలు అన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టాను. మీ శాఖలో ఎవరికైనా ఆసక్తి ఉంటే పత్రిక ద్వారా రాయండి, పంపుతాను.